చుట్టాలొచ్చే ఊళ్ళో పుస్తకం చదువుకోవడం ఎట్లా

తిరుపతిలో ఇల్లుందంటే అది సగం మనది, సగం సత్రం. గుంటూరు పెదనాన్న వాళ్ళు దర్శనానికి వస్తారు, వాళ్ళు బస్సెక్కిన రెండ్రోజులకి బెంగళూరు నుంచి ఆడబిడ్డ కుటుంబం దిగుతుంది, మధ్యలో ఎవరో స్నేహితుడి స్నేహితుడు ఫోన్ చేసి "అన్నా, మూడొందల టికెట్ ఏమన్నా దొరుకుతుందా" అని అడుగుతాడు. ఇంత రద్దీలో రోజూ అరగంటో గంటో హాయిగా పుస్తకం చదువుకోవడం అయ్యే పనేనా అని అనుమానపడే వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. అయ్యే పనే. "టైం దొరికితే చదువుతా" అనుకుంటే మాత్రం ఈ ఊళ్ళో ఎప్పటికీ దొరకదు. చోటు, దీపం, పుస్తకం ఈ మూడూ ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి. అప్పుడు చుట్టాలు స్నానాలకి పోయిన పది నిమిషాల సందులో కూడా నాలుగు పేజీలు నడుస్తాయి.

ఒక మాట ముందే చెప్పేస్తా. ఇది పోటీ పరీక్షల చదువు గురించి కాదు. పని లేకుండా, లాభం లేకుండా, ఊరికే చదువుకునే వాళ్ళ గురించి.

ముందు చోటు చూసుకోండి

హాల్లో చదవాలని పంతం పట్టొద్దు. హాల్లో టీవీ ఉంటుంది, అందులో భక్తి ఛానలో క్రికెట్టో ఉంటుంది, సోఫా మీద ఎవరి బ్యాగులో ఉంటాయి. ఇంట్లో ఇంకెవరికీ పనికిరాని మూల ఒకటి వెతుక్కోండి. మిద్దె మెట్ల మలుపు, బట్టలారేసే బాల్కనీ చివర, బీరువాకీ కిటికీకీ మధ్య మిగిలిన మూడడుగులు, ఇట్లాంటివి. బాగున్న చోటు ఎంచుకున్నారో, వారం తిరక్కముందే అక్కడ ఇంకెవరో కూర్చుని ఫోన్‌లో రీల్స్ చూస్తుంటారు. కొంచెం ఇరుగ్గా, కొంచెం అసౌకర్యంగా కనిపించే మూలని మనకి మాత్రమే తెలిసిన పద్ధతిలో సుఖంగా మార్చుకోవాలి, అదీ కిటుకు.

కిటికీ ఏ వైపుందో చూడండి. మన ఊళ్ళో కొండ ఉత్తరానికి ఉంది కాబట్టి ఉత్తరం కిటికీ దొరికితే వదులుకోకండి. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా తప్పిస్తే నేరుగా ఎండ పెద్దగా పడదు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుతురు ఒకే తీరుగా ఉంటుంది, పేజీ తిప్పుతూ తలెత్తితే కొండ. అడ్డంగా అపార్ట్‌మెంట్లు లేస్తే ఆ చివరిది పోతుందనుకోండి, అయినా వెలుతురు మిగులుతుంది. తూర్పు కిటికీ పొద్దున చదివే వాళ్ళకి బాగుంటుంది. పడమటి గోడ పక్కన మాత్రం ఏప్రిల్, మే నెలల్లో కూర్చోవద్దు. పగలంతా తాగిన వేడిని ఆ గోడ రాత్రి తొమ్మిదింటి దాకా కక్కుతూనే ఉంటుంది. వేరే దారి లేకపోతే కిటికీకి వట్టివేళ్ళ తడక కట్టి నీళ్ళు చల్లండి. చల్లదనం సంగతి అటుంచి, ఆ వాసనకే చదవబుద్ధవుతుంది.

కూర్చునే సంగతి. పడక కుర్చీ ఉంటే అంతకు మించింది లేదు, అటక మీద తాతల నాటిది ఉందేమో దింపి చూడండి, గుడ్డ చిరిగినా కొత్తది కుట్టించుకోవచ్చు. అది లేకపోతే చాప వేసుకుని గోడకి ఆనుకుని, నడుం దగ్గర ఒక దిండు, ఒళ్ళో ఒక దిండు. ఒళ్ళో దిండు ఎందుకంటే పుస్తకం పైకి లేస్తుంది, మెడ కిందికి వంచే పని తప్పుతుంది. మెడనొప్పి వల్ల చదవడం మానేసిన వాళ్ళే ఎక్కువ, పుస్తకం బాగాలేక మానేసిన వాళ్ళు తక్కువ. కంటికీ పేజీకీ మధ్య ఒక మూర కన్నా కొంచెం తక్కువ దూరం ఉంటే సరిపోతుంది. వెల్లకిలా పడుకుని చదివే అలవాటున్న వాళ్ళు సన్న పుస్తకాలకే పరిమితం కావడం మంచిది, నిద్ర ముంచుకొచ్చినప్పుడు ఎనిమిది వందల పేజీలు ముక్కు మీద పడితే ఆ రాత్రికి భారతం ముగిసినట్టే.

దీపం దగ్గర పొదుపు చెయ్యొద్దు. వార్మ్ వైట్ అని అట్టపెట్టె మీద రాసుండే ఎల్ఈడీ బల్బు కొనండి. 2700 నుంచి 3000 కెల్విన్ అని ఉంటుంది, 7 లేదా 9 వాట్లు చాలు. వెలుతురు భుజం వెనక నుంచి పేజీ మీద పడాలి, కళ్ళలోకి కాదు. గదంతా చీకటి చేసి ఒక్క టేబుల్ ల్యాంపు పెట్టుకుంటే సినిమాలో బాగుంటుంది, ఇంట్లో కళ్ళు లాగుతాయి. పెద్ద లైటు ఒకటి మసగ్గా అయినా వెలగనివ్వండి. కరెంటు పోయే రోజుల కోసం ఛార్జింగ్ క్లిప్ లైటు ఒకటి పుస్తకం పక్కనే ఉంచుకోండి, చుట్టాలు అదే గదిలో పడుకున్న రాత్రి కూడా అదే పనికొస్తుంది.

నలభై దాటి, పేపరు చదివేటప్పుడు చెయ్యి చాచి దూరంగా పట్టుకుంటున్నారా? అది చత్వారం. చాలామంది ఈ వయసులో "ఏకాగ్రత తగ్గిపోయింది, ఇదివరకులా చదవలేకపోతున్నా" అని దిగులు పడుతుంటారు. తగ్గింది కంటిచూపు. పరీక్ష చేయించుకుని అద్దాలు పెట్టుకుంటే ఏకాగ్రత అదే తిరిగొస్తుంది. ఇరవై నిమిషాలకోసారి తలెత్తి దూరంగా ఉన్న చెట్టునో నీళ్ళ ట్యాంకునో కాసేపు చూడటం కూడా అలవాటు చేసుకోండి.

ఎప్పుడు చదవాలి

పొద్దున అయిదింటికి. ఇంకో సమాధానం ఉంటే బాగుండేదని నాకూ ఉంది. చుట్టాలున్న ఇంట్లో అయిదున్నర దాటితే గీజర్ దగ్గర వరస మొదలవుతుంది, కాఫీ ఎవరికి చక్కెర లేకుండా ఎవరికి డికాషన్ ఎక్కువ అనే లెక్కలు మొదలవుతాయి. అంతకు ముందున్న అరగంట మనది. అన్నిట్లోకీ ధనుర్మాసం మంచి కాలం. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా, కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే ఆ నెల రోజులూ, కింద ఊళ్ళో కూడా గుడి మైకుల్లో పాశురాలు వస్తుంటాయి, చలి కొరికేంత ఉండదు గానీ దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది, చేతిలో ఫిల్టర్ కాఫీ. బద్ధకం పోదనుకునే వాళ్ళు ఆ నెలలో మొదలుపెట్టండి, తర్వాత అలవాటే లేపుతుంది.

పొద్దున లేవలేని వాళ్ళకి మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండింటి నుంచి మూడింటి దాకా ఉంది. కత్తిరి ఎండల్లో ఎవరూ గడప దాటరు, చుట్టాలు కూడా ఫ్యాను కింద నడుం వాలుస్తారు. కానీ ఆ గంటలో మీకూ నిద్రొస్తుంది. అందుకని అప్పుడు బరువైనవి పెట్టుకోకుండా ఒక కథో, పాత వారపత్రికో చదవండి. రాత్రి పూట ఫోన్ ఇంకో గదిలో ఛార్జింగ్ పెట్టి రావడం తప్ప వేరే చిట్కా లేదు. అలారం కోసం ఫోన్ కావాలనేది సాకు, వంద రెండొందలు పెడితే అలారం గడియారం దొరుకుతుంది.

రోజుకి పదిహేను పేజీలు పెట్టుకోండి. అంతకన్నా ఎక్కువ మొక్కుకోవద్దు. పదిహేను చొప్పున ఏడాదికి 5,475 పేజీలు. రెండొందల పేజీల పుస్తకాలు లెక్కేస్తే ఇరవై ఏడు. బ్రహ్మోత్సవాలు, పెళ్ళిళ్ళు, జ్వరాలు అన్నీ తీసేసినా ఇరవై మిగులుతాయి. ఎన్ని చదివామని పక్కవాళ్ళతో పోటీ పెట్టుకునే వాళ్ళని చూస్తే నాకు విసుగు. కానీ ఈ లెక్క మాత్రం మొదటి నెలలో ధైర్యం కోసం పనికొస్తుంది, ఆ తర్వాత మర్చిపోవచ్చు.

చుట్టాలు, పుస్తకాలు

చుట్టాలొస్తే చదువు ఆగిపోతుందని అందరూ అంటారు. వాళ్ళనీ అందులోకి లాగితే ఆగదు. హాల్లో అందరికీ అందేట్టు ఒక అర చుట్టాలకని వదిలేయండి. అందులో పెట్టాల్సినవి: చిన్న కథల సంపుటాలు, పిల్లల బొమ్మల పుస్తకాలు, పాత చందమామలుంటే అవి, ఒక జోకుల పుస్తకం, పెద్దవాళ్ళ కోసం పెద్దక్షరాల భాగవతం. మీకు ప్రాణమైనవి, మళ్ళీ దొరకనివి ఆ అరలో పెట్టొద్దు, అవి బెడ్‌రూంలో ఉండాలి. పుస్తకాలు హాల్లో ఉన్నాయంటే అడగకుండానే తీస్తారు, తీశాక "ఇది ఊరికి తీసుకుపోయి పంపిస్తాలే" అంటారు. చాలావరకు పంపరు. అందుకే చుట్టాల అరలో ఉన్నవన్నీ ఇచ్చేసినవే అనుకుని కొనాలి. సెకండ్‌హ్యాండ్‌వి పెడితే మనసుకి నొప్పి ఉండదు.

మీరు చదువుతుంటే పెద్దవాళ్ళు తప్పకుండా ఒక మాట అంటారు. "ఏం నాయనా, మేమొస్తే కూడా దాంట్లోనే తల పెట్టుకున్నావే!" అని మేనత్త అన్నప్పుడు పుస్తకం మూసేయడం మర్యాద, కానీ తెలివి ఇంకొకటుంది. "అత్తా, ఇది మన పక్క కథే, వింటావా?" అని నాలుగు పేరాలు పైకి చదివి చూడండి. ముఖ్యంగా మన జిల్లా మాటలో రాసినవైతే, కంటితో చదివినప్పుడు తడబడే వాక్యం నోటితో చదవగానే దారిలో పడుతుంది, వినే వాళ్ళకి సగంలోనే నవ్వొస్తుంది. చూపు తగ్గిన జేజి ఉన్న ఇంట్లో రోజూ రాత్రి పది నిమిషాలు పైకి చదివే అలవాటు పెట్టండి, మీకు ఇంట్లో చదువుకునే హక్కు దానంతటదే వచ్చేస్తుంది. ఆమే మిగతా వాళ్ళని "ఉండండి, వాడు చదువుకుంటాండాడు" అని గదమాయిస్తుంది.

అప్పిచ్చిన పుస్తకాల కోసం ఒక నోట్‌బుక్ పెట్టుకోండి, ఎవరికి, ఏది, ఏ తారీఖున. అడిగేటప్పుడు "నా పుస్తకం ఎప్పుడిస్తావు" అనకుండా "చదివావా, ఎట్లా ఉంది" అని అడగండి. చదవని వాళ్ళు సిగ్గుపడి వెంటనే తిరిగిచ్చేస్తారు.

దర్శనానికి పోతున్న వాళ్ళకి ఒక సన్న పుస్తకం చేతిలో పెట్టి పంపండి. సర్వదర్శనం కంపార్ట్‌మెంట్లలో గంటలు గంటలు కూర్చోవాలి, ఫోన్లు ముందే డిపాజిట్ చేసేసి ఉంటారు. గోవింద నామాలు చెప్పుకున్నాక, పక్కవాళ్ళది ఏ ఊరో తెలుసుకున్నాక కూడా చాలా టైం మిగులుతుంది. ఏళ్ళ తరబడి పుస్తకం ముట్టని మనిషి కూడా అక్కడ వంద పేజీలు చదివేయగలడు. మీరు పోయినా అంతే. కొండెక్కే బస్సులో మాత్రం తెరవొద్దు. ఘాట్ రోడ్డు మలుపుల్లో చెవిలోని సమతూకం శరీరం తిరుగుతోందని చెప్తుంటే కళ్ళు మాత్రం కదలని పేజీని చూస్తుంటాయి, ఆ రెంటికీ పొసగక కడుపులో తిప్పుతుంది.

తింటూ చదవడం

ఇది చిన్న విషయం అనుకునే వాళ్ళు పేజీల మీద నూనె మరకలు చూసుకుని ఏడుస్తారు. మిరపకాయ బజ్జీ, మసాలా దోస, ఊరగాయ కలిపిన ఏ వస్తువైనా పుస్తకం దరిదాపుల్లోకి రాకూడదు. మామిడిపండు అసలే వద్దు. బేనీషా కాలంలో ముందు పండు తినేసి, మోచేతుల దాకా కడుక్కుని వచ్చి కూర్చోండి. పుస్తకానికి సరిపోయే తిండి బొరుగులు. వేయించిన చెనక్కాయ పప్పులు, పుట్నాలు, కాస్త కొబ్బరి ముక్క కలుపుకుంటే గిన్నెడు గంటసేపు వస్తాయి. ఉడకేసిన చెనక్కాయలైతే వేళ్ళు తడవుతాయి, వేయించినవైతే పొట్టు పేజీల మధ్యలోకి పోతుంది. నేను పొట్టుకే ఓటేస్తా, దులిపేస్తే పోతుంది. గ్లాసు ఎప్పుడూ పుస్తకం కన్నా కింది ఎత్తులో ఉండాలి, అంటే పుస్తకం ఒళ్ళో అయితే కాఫీ నేల మీద. ఒలికినా నేల మీదే ఒలుకుతుంది.

ఏం చదవాలి, ఎక్కడ దొరుకుతాయి

ఏం చదవాలో చెప్పడం నాకిష్టం లేదు, కానీ ఈ జిల్లాలో ఉండి ఈ జిల్లా రాతలు చదవకపోవడం అన్యాయం. మధురాంతకం రాజారాం కథలతో మొదలుపెట్టండి, 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది ఆయన కథలకే. మన పల్లెల బడిపంతుళ్ళు, రైతులు, చిన్న చిన్న మర్యాదలు, చిన్న చిన్న మోసాలు నెమ్మదిగా కళ్ళముందు నడుస్తాయి, ఒక పూటకి ఒక కథ సరిగ్గా సరిపోతుంది. ఒక్క కూర్చోవడంలో ముగిసే నవల కావాలంటే డాక్టర్ కేశవరెడ్డి. మన పక్కే పుట్టి, నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకి వైద్యం చేస్తూ బతికిన మనిషి, సన్నటి పుస్తకాల్లో మన ఊళ్ళనీ అడవులనీ పెట్టాడు. పైన చెప్పానే పైకి చదివితే నవ్వొస్తుందని, దానికి నామిని సుబ్రహ్మణ్యం నాయుడు. నిద్రకి ముందు వద్దు, నిద్ర పట్టదు. ఇక తాళ్ళపాక అన్నమాచార్య సంకీర్తనలు పాటగా అందరూ వినేవే, కానీ కొండ మీద రాగిరేకుల నుంచి తీసి అచ్చేసిన ఆ సంపుటాల్లోంచి రోజుకి ఒక్కటి, రాగం మర్చిపోయి, మాటల కోసం చదివి చూడండి. పాటలో జారిపోయిన మాటలు పేజీ మీద ఆగి కనిపిస్తాయి.

నచ్చని పుస్తకాన్ని వదిలేయడానికి మొహమాటపడొద్దు. యాభై పేజీలు చదివాక కూడా పిలవకపోతే చుట్టాల అరలో పెట్టేయండి, ఎవరికో ఒకరికి నచ్చుతుంది.

కొనుక్కోవాలంటే తిరుపతిలో తెలుగు పుస్తకాలకి విశాలాంధ్ర లాంటి దుకాణాలున్నాయి. నిలబడి పది పేజీలు చదివి కొనడంలో ఉన్న సుఖం ఆన్‌లైన్ ఆర్డర్‌లో రాదు. టీటీడీ పుస్తకాల స్టాళ్ళలో ధరలు చాలా తక్కువ, అర్థతాత్పర్యాలతో ఉన్న పోతన భాగవతం లాంటి పెద్ద పనులు అంత చవగ్గా బయట దొరకవు. వాళ్ళ పుస్తకాలు చాలావరకు టీటీడీ ఈబుక్స్ సైట్‌లో ఉచితంగా దించుకోవచ్చు. జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది, రాత్రి రైలెక్కితే పొద్దునకి అక్కడ. ఖాళీ బ్యాగుతో పోండి, జాబితా రాసుకుని పోండి, ఆ జాబితా ఎట్లాగూ పాటించరు. తమిళం చదవగలిగిన వాళ్ళు మనవైపు చాలామందే, వాళ్ళకి సంక్రాంతి రోజుల్లో చెన్నై పుస్తకాల జాతర ఇంకా దగ్గర.

డబ్బులు పెట్టకుండా చదవాలంటే గవర్నమెంటు గ్రంథాలయం. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా పోతోంది, ఆ సంగతి తెలిశాక కూడా లోపలికి అడుగు పెట్టకపోతే అది మన ఇష్టం. చిన్నపాటి డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే పుస్తకం ఇంటికిస్తారు, మానేసినప్పుడు డిపాజిట్ వెనక్కిస్తారు. శాఖా గ్రంథాలయాలు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు, వారం సెలవు శుక్రవారం. కుర్చీలన్నీ గ్రూప్స్‌కి చదివే పిల్లలతో నిండి ఉంటాయి కాబట్టి అక్కడ కూర్చుని నవల చదవాలని ఆశపడకుండా తెచ్చుకుని ఇంట్లో చదవండి. వెనక అరల్లో, ఎవరూ తీయక దుమ్ము పట్టిన అట్టల్లో, ఇప్పుడు అచ్చులో లేని పుస్తకాలు నిద్రపోతుంటాయి. లైబ్రేరియన్‌ని మంచి చేసుకుంటే ఆ అరల దగ్గరికి పోనిస్తారు.

పాత పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్లుగా వేలల్లో ఉన్నాయి, తెలుగు వికీసోర్స్‌లో శుభ్రంగా టైపు చేసినవి ఉన్నాయి. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ళు గడిస్తే హక్కులు తీరిపోతాయి, అట్లాంటివి నిశ్చింతగా దించుకోండి. బతికున్న రచయితల పుస్తకాలు పీడీఎఫ్‌లో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి చూడండి, అవి మాత్రం కొనే చదవండి. తెలుగులో రాసి సంపాదించేది ఎంతని.

వాన, చెదలు, వెండి పురుగులు

మన దగ్గర పుస్తకాలకి అసలు గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఈశాన్య రుతుపవనాలు, అల్పపీడనాలు, ఒక్కోసారి వారం రోజులు ఎండ మొహం కనపడదు. 2021 నవంబరు వానలకి తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎట్లా పారాయో చూసిన వాళ్ళెవరూ కింది అరలో పుస్తకాలు పెట్టరు. నేల నుంచి కనీసం అడుగున్నర ఎత్తులో మొదటి అర ఉండాలి. ర్యాక్‌ని గోడకి అంటించకుండా మూడు వేళ్ళ సందు వదలండి, గోడ చెమ్మ పుస్తకాలకి ఎక్కదు, చెదలు గోడ మీద మట్టి గీత పెడితే కంటికి కనపడుతుంది. చెక్క బీరువా అందమే గానీ చెదలకి అది విందు. ఇనప ర్యాక్ చాలు.

వెండి రంగులో మెరుస్తూ సర్రుమని పరిగెత్తే పురుగులు బైండింగ్‌లో ఉన్న మైదా జిగురు కోసం వస్తాయి. వాటికి చీకటి, చెమ్మ, ఎవరూ కదిలించకపోవడం ఇష్టం. కాబట్టి మందు కూడా అందులోనే ఉంది. నెలకోసారి పుస్తకాలన్నీ దించి, పేజీలు సర్రున తిప్పి, గాలి ఆడనిచ్చి మళ్ళీ పెట్టండి. ఆదివారం మధ్యాహ్నం ఆ పని పెట్టుకుంటే సాయంత్రానికి సగమే అవుతుంది, ఎందుకంటే దించిన ప్రతి పుస్తకాన్నీ తెరిచి చదువుతూ కూర్చుంటాం. అదొక సుఖం, తొందరపడొద్దు. ఎండిన వేపాకు అరల మూలల్లో వేసి మూడు నెలలకోసారి మార్చండి. కలరా ఉండలు మూసిన బీరువాలో అయితే సరే, పిల్లలు తిరిగే గదిలో, పడుకునే గదిలో వద్దు, ఆ ఆవిరి మంచిది కాదు. 1939లో మొదలైన ఓరియంటల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ మన ఎస్వీ యూనివర్సిటీలోనే ఉంది, తాటాకు గ్రంథాలు ఉండేది అక్కడ. అట్లాంటి తాటాకులకి నిమ్మగడ్డి నూనె రాసి కాపాడటం పాత పద్ధతి. మన కాగితం పుస్తకాలకి మాత్రం ఏ నూనే రాయొద్దు.

పుస్తకం తడిసిందా, ఎండలో పరచొద్దు, కాగితం వంకర్లు పోయి అట్ట ఊడుతుంది. నిలబెట్టి, పేజీలు విసనకర్రలా విప్పి, ఫ్యాను కింద పెట్టండి. పాతిక ముప్పై పేజీలకొకటి తెల్ల కాగితమో టిష్యూనో పెట్టి, తడి పీల్చాక మార్చండి. న్యూస్‌పేపర్ పెడితే సిరా అంటుతుంది. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. తడిసినవి చాలా ఉండి ఒకేసారి ఆరబెట్టలేకపోతే, ప్లాస్టిక్ కవర్లలో చుట్టి ఫ్రిజ్ డీప్ ఫ్రీజర్‌లో పెట్టేసి, ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు. వెటకారం కాదు, పెద్ద లైబ్రరీలు చేసే పనే ఇది. ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పండి, దోసపిండి పక్కన కథల పుస్తకం చూసి కంగారు పడతారు.

అట్టలేయడానికి బ్రౌన్ పేపరు, లేదా పాత క్యాలెండరు పేజీలు. దేవుడి బొమ్మ ఉన్నవి వాడితే పెద్దవాళ్ళు ఊరుకోరు. పాత పుస్తకం తెరవగానే వచ్చే కమ్మని వాసన కాగితం లోపల నెమ్మదిగా విరిగిపోవడం వల్ల వచ్చేదే. అంటే మనం ఆనందంగా పీల్చేది ఆ పుస్తకం ముసలితనాన్ని. అట్లాంటి వాటిని ఎక్కువగా తెరిచి మడవకుండా, రెండు చేతుల్లో సగమే తెరిచి చదవండి.

పెన్సిల్‌తో గీతలు పెట్టుకోండి, పెన్నుతో వద్దు. మొదటి పేజీలో పేరు, తారీఖు, ఎక్కడ కొన్నారో రాయండి. పేజీ గుర్తుకి మూల మడవకుండా బస్సు టికెట్టు పెట్టండి, కొన్నేళ్ళ తర్వాత తీసినప్పుడు ఏ ప్రయాణంలో చదివారో తెలుస్తుంది. ప్రయాణం మాటొచ్చింది కాబట్టి, రాత్రి రైలు నారాయణాద్రిలోనో, చిత్తూరు నుంచి పోయే వెంకటాద్రిలోనో ఎక్కేవాళ్ళు క్లిప్ లైటు మర్చిపోవద్దు. రాత్రి 10 తర్వాత బోగీలో పెద్ద లైట్లు ఆర్పేస్తారు, పై బెర్త్ వాళ్ళతో గొడవెందుకు.

ఇల్లు నిండిపోయాక ఏం చెయ్యాలి? మళ్ళీ చదవనని ఖాయంగా తెలిసినవి వేరే ఊళ్ళలో ఉన్న, చదివే అలవాటున్న చుట్టాలకి పంపేయండి. 2025 మే నుంచి పోస్టాఫీసులో జ్ఞాన్ పోస్ట్ అని పెట్టారు, 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోల దాకా 100 రూపాయలు, పన్నులు అదనం. పాఠ్యపుస్తకాలు, సాంఘిక, సాంస్కృతిక, మత సంబంధమైన పుస్తకాలకే అది, వార, మాసపత్రికలకి కాదు. పుస్తకం మీద అచ్చేసిన వాళ్ళ పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి. విమానంలో పోదు కాబట్టి కొంచెం ఆలస్యంగా చేరుతుంది, ఎక్కడి దాకా పోయిందో ట్రాక్ చేసుకోవచ్చు. అయిదు కిలోలంటే మామూలు సైజు నవలలు పది పదిహేను దాకా పడతాయి. అడుగున అట్టముక్క వేసి, ప్లాస్టిక్ కవరు చుట్టి, అంచులకి టేపు వేసి కట్టండి. అడ్రస్ రాశాక, చివరిసారిగా ఇంకోసారి తెరిచి చూడాలనిపిస్తుంది. టేపు వేయకముందే చూసేయండి.